ఊరంతా తళతళ, ఇంట్లో నల్ల కూజా

తళతళ మావయ్యకు ఇత్తడి కనబడితే చాలు, తుడవకుండా ఉండలేడు. ఆయన గురించి చెప్పాల్సింది ఈ ఒక్క ముక్కే, మిగతాదంతా దాని పర్యవసానం. జేబులో ఎప్పుడూ ఒక పసుపు గుడ్డ, భుజాన సంచిలో ఒక పాలిష్ డబ్బా. దారిలో తలుపు గడియ కనిపించినా, గంట కనిపించినా, ఎదురొచ్చినవాడి చొక్కాకు ఇత్తడి బొత్తాం కనిపించినా "ఒక్క నిమిషం" అంటాడు. ఆ ఒక్క నిమిషం అయ్యేసరికి పాపం ఎదురొచ్చినవాడి బస్సు వెళ్లిపోయి ఉంటుంది.

హార్బరులో క్రేను నడిపి రిటైరైన మనిషి. ఊళ్లో చిన్నా పెద్దా అందరికీ మావయ్యే. ఆయన భార్య అందరికీ అత్తయ్యే. ఈ కథ అత్తయ్య వైపు నుంచి చెప్పడమే న్యాయం, ఎందుకంటే ఆ పిచ్చిని మనమంతా వీధిలో చూసి నవ్వుకున్నాం గానీ దానితో కాపురం చేసింది ఆవిడ.

బ్యాంకు బయట ఇత్తడి బోర్డు ఒకటి ఉండేది. మావయ్య దాన్ని తుడిచి తుడిచి అద్దం చేసి పెట్టాడు. జనం లోపలికి వెళ్లడం మాని దాని ముందు నిలబడి తల దువ్వుకోవడం మొదలుపెట్టారు. మేనేజరు మొదట్లో కసురుకున్నాడు. కొన్నాళ్లకు ఆయనే దువ్వెన జేబులో పెట్టుకుని బయటికి రాసాగాడు. ఏనాడైనా మావయ్య రావడం ఆలస్యమైతే గుమాస్తాను పంపించి మరీ కబురు చేసేవాడు.

ఫుట్‌బాల్ క్లబ్బు వాళ్ల కప్పు సంగతి మరీ ఘోరం. తాతల కాలంలో గెలిచిన కప్పట, అద్దాల బీరువాలో పెట్టి చూసుకునేవారు. ఒక మధ్యాహ్నం మావయ్య దాన్ని బయటికి తీసి శ్రద్ధగా రుద్దాడు. పసుపు రంగంతా గుడ్డకు వచ్చేసి లోపల నుంచి తెల్లటి రేకు బయటపడింది. క్లబ్బు సెక్రటరీ ఒంటికాలి మీద లేచాడు. మావయ్య మాత్రం కప్పును వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, "నా తప్పేం లేదయ్యా, ఇది ఇత్తడి కాదు. మీ తాతలు మోసపోయారు" అని జాలిపడ్డాడు.

బ్యాండు మేళం బాకా అయితే ఊరు ఇప్పటికీ చెప్పుకుంటుంది. హార్బరు పెద్దాఫీసరు వీడ్కోలు సభకు ముందు మావయ్య బాకాను బయటా లోపలా తుడిచిపెట్టాడు. లోపల తుడిచిన గుడ్డ లోపలే ఉండిపోయింది. సభలో బాకా వాయించేవాడు బుగ్గలు పగిలేలా ఊదాడు, శబ్దం లేదు. మళ్లీ ఊదాడు, కళ్లు బయటికొచ్చాయి తప్ప శబ్దం రాలేదు. ఇక ప్రాణం పోయినా సరేననుకుని ఊదితే గుడ్డ ఎగిరి వెళ్లి ఆఫీసరుగారి ఒళ్లో పడింది. చేతిరుమాలు బహుమతి అనుకుని ఆయన లేచి నమస్కారం పెట్టి, దానితోనే కళ్లు ఒత్తుకున్నాడు. పాలిష్ ఘాటుకు నిజంగానే కళ్లనీళ్లు కారిపోయాయి. ఇంత ప్రేమగా వెళ్లిన ఆఫీసరు ఇంకెవరూ లేరని జనం ముక్కున వేలేసుకున్నారు.

ఇలాంటివాడు చుట్టపుచూపుగా వెళ్తే ఎలా ఉంటుందో అత్తయ్య చెల్లెల్ని అడగాలి. మరదలింటి తలుపుకు ఇత్తడి పిడి ఉంది. మావయ్య భోజనం కాగానే మరలు విప్పి దాన్ని ఊడదీసి, తలుపు మూసుకుపోయిన సంగతి చూసుకోకుండా తీరిగ్గా తుడుస్తూ కూర్చున్నాడు. తీరా బిగించబోతే మరలు కనపడలేదు. తోడల్లుడు డ్యూటీకి వెళ్లాలి, పిల్లలు బడికి వెళ్లాలి. అందరూ ఒకరి తర్వాత ఒకరు కిటికీలోంచి దిగారు. "అక్కా, బావగారిని తీసుకురావాలంటే ముందు చెప్పు, తలుపు మార్పిస్తాం" అంది చెల్లెలు. ఆ మాట అత్తయ్యకు గుచ్చుకుంది.

అయినా అత్తయ్య అసలు బాధ ఇది కాదు. వంటింటి అటక మీద ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి కూజా ఒకటి ఉంది. అది మసి పట్టి, పచ్చబడి, నల్లబడి, ఇత్తడన్న సంగతి అదే మరిచిపోయి ఉంటుంది. మావయ్య దాన్ని ఏనాడూ ముట్టుకోలేదు. అత్తయ్య దాన్ని దింపి ఆయన కుర్చీ పక్కన పెట్టింది, ఆయన కుర్చీ జరుపుకున్నాడు. తలుపుకు అడ్డంగా పెట్టింది, దాటుకుని వెళ్లాడు. పక్కింటావిడ వచ్చినప్పుడల్లా ఆ కూజా వైపు చూసి, ఊరందరి ఇత్తడీ మెరిపించే మహానుభావుడి ఇంట్లో ఇదేమిటమ్మా అని నవ్వేది. అత్తయ్యకు తల కొట్టేసినట్టయ్యేది. పెళ్లయిన కొత్తలో ఈయనకు ఈ పిచ్చి లేదు, మధ్యలో ఎక్కడ తగులుకుందో తెలియదని చెప్పుకుని నిట్టూర్చేది.

మావయ్య తుడవనిది ఊళ్లో ఇంకొకటి ఉంది, బొత్తాల కొట్టు. అక్కడ గాజు పెట్టెలో ఇత్తడి బొత్తాలు రాశిపోసి ఉండేవి. ఆ కొట్టు దగ్గరికి వచ్చేసరికి మావయ్య ఆకాశం చూస్తూ నడిచిపోయేవాడు. అన్ని బొత్తాలు ఒక్కసారిగా చూసి ఆయనకే గుండె జారి ఉంటుందని జనం అనేవారు. అత్తయ్యకు మాత్రం ఒకప్పుడు చిన్న అనుమానం వచ్చింది. బొత్తాల కొట్టావిడ శుభ్రంగా, నెమ్మదిగా ఉంటుంది, ఒంటరిది కూడా. మరి ఈయన అక్కడే తల ఎందుకు తిప్పుకోవాలి? కొన్నాళ్లు గమనించింది. ఏమీ తేలక ఊరుకుంది.

ఇక మావయ్య రోజూ మొట్టమొదట వెళ్లే చోటు గురించి చెప్పాలి. హార్బరు గట్టు చివర రెండు రాతి స్తంభాలున్నాయి. చాలా ఏళ్ల కిందట ఒక పొగమంచు ఉదయం రేవు ముందరే రెండు ఓడలు గుద్దుకున్నాయి, ఒకటి పెద్ద సరుకుల ఓడ, ఇంకొకటి రేవులో ఇసుక తోడే చిన్న ఓడ. రెండింటిలోనూ మనుషులు పోయారు. ఇత్తడి పలకల మీద పెద్ద ఓడ వాళ్ల పేర్లతో ఒక స్తంభం, చిన్న ఓడ వాళ్ల పేర్లతో ఇంకో స్తంభం. నీళ్ల మీద కొట్టుకున్న రెండూ ఒడ్డు మీద పక్కపక్కనే నిలబడ్డాయి. ఏటా ఆ రోజున పెద్ద ఓడ కుటుంబాలు ఉదయం వచ్చి పూలు పెట్టి వెళ్తాయి. చిన్న ఓడ కుటుంబాలు సాయంత్రం వస్తాయి. ఒకరి ముఖం ఒకరు చూసుకోరు.

రెండు వైపులవాళ్లకూ కలిసిన మాట ఒక్కటే ఉంది. తప్పంతా చిన్న ఓడ చుక్కాని పట్టినవాడిదని. కుడికి తిప్పాల్సింది ఎడమకు తిప్పాడని అన్నారు. నిజంగా ఏం జరిగిందో ఆ పొగమంచుకే తెలియాలి, ఎందుకంటే ఆ మనిషీ అందరితో పాటే మునిగిపోయాడు. చిన్న స్తంభం మీద అట్టడుగున ఉండే ఇత్తడి పలక అతనిదే. అతని భార్యే బొత్తాల కొట్టావిడ. ఊళ్లోవాళ్లు బొత్తాలు కావాలి గనక ఆవిడ దగ్గర కొనేవారు. అంతకు మించి మాట్లాడేవారు కాదు.

ఇలా ఉండగా ఒక సాయంత్రం మోకుల షావుకారు మావయ్య ఇంటికి వచ్చాడు. ఓడలకు తాళ్లు, మోకులు అమ్మే వ్యాపారం ఆయనది. స్మారక సంఘానికి అధ్యక్షుడు కూడా. పెద్ద ఓడలో ఆయన తమ్ముడు పోయాడు. మంచివాడే, కాకపోతే తమ్ముడి మాట వస్తే మాత్రం గొంతు గట్టిబడుతుంది. కుర్చీలో కూర్చుని, అత్తయ్య ఇచ్చిన టీ తాగి, మెల్లగా విషయానికి వచ్చాడు. మావయ్య ఇన్నేళ్లుగా రోజూ రుద్దడం వల్ల స్తంభాల మీద పేర్లు అరిగిపోయాయి. దూరం నుంచి చూస్తే పలకలు మెరుస్తాయి, దగ్గరికి వెళ్తే అక్షరాలు కనపడవు. అందుకని ఇత్తడి తీసేసి నల్లరాతి పలకలు పెట్టిస్తున్నారు. రాయికి పాలిష్ అక్కర్లేదు గనక మావయ్యకు విశ్రాంతి.

తన పనికి ఇలాంటి ఫలితం ఉంటుందని మావయ్య ఏనాడూ అనుకోలేదు.

"ఎలాగూ కొత్తవి చెక్కిస్తున్నాం గనక," అన్నాడు షావుకారు లేస్తూ, "మావాళ్లను ముంచినవాడి పేరు ఇక వద్దనుకుంటున్నాం. రేపు పొద్దున స్తంభాల దగ్గరే మీటింగు. మేస్త్రీ కూడా వస్తాడు. మీరూ రండి మావయ్యా."

ఆ రాత్రి భోజనానికి పిలిస్తే మావయ్య ఆకలి లేదన్నాడు. అత్తయ్య వంటింట్లోంచి తొంగి చూస్తే ఆయన అటక మీది కూజాను దింపి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఏనాడూ ముట్టనివాడు ఇవాళ ముట్టాడంటే మనిషికి ఏదో అయిందన్నమాటే.

"ఏమండీ, ఒంట్లో బాగానే ఉందా?"

"నాకు ఆ పాలిష్ వాసన పడదే," అన్నాడు మావయ్య.

"ఏమిటీ?"

"తల తిరుగుతుంది, వికారం పుడుతుంది. మొదట్నుంచీ అంతే. అందుకే ఇంట్లో డబ్బా మూత తియ్యను."

అత్తయ్య గరిటె పక్కన పెట్టి వచ్చి ఎదురుగా కూర్చుంది. మావయ్య కూజాను అటూ ఇటూ తిప్పుతూ అసలు సంగతి చెప్పుకొచ్చాడు. స్తంభాలు కట్టిన కొత్తల్లో ఒక రోజు పెద్ద వాన. రేవులో పని ఆగిపోయి, ఆయన క్రేను పైగదిలోనే కూర్చుని ఉన్నాడు. కింద గట్టు చివర ఎవరో ఆడమనిషి, గొడుగైనా లేకుండా, చిన్న స్తంభం దగ్గర వంగి చేతిరుమాలుతో ఏదో రుద్దుతోంది. ఏమైందోనని ఈయన నిచ్చెన దిగి అటు నడిచాడు. అడుగుల చప్పుడు వినగానే ఆవిడ బెదిరిపోయి పరుగు పెట్టింది. ఒక చెప్పు అక్కడే ఊడిపోయినా వెనక్కి రాలేదు. వెళ్లి చూస్తే అట్టడుగు పలక మీద ఎవరో తారు పూశారు. ఆ తారే ఆవిడ రుద్దుతోంది.

"సొంత మొగుడి పేరు తుడుచుకోవడానికి దొంగలా పారిపోవాలా మనిషి? నాకు మనసొప్పలేదే. కిరసనాయిలు తెచ్చి నేనే తుడిచేశా. మళ్లీ పూశారు. మళ్లీ తుడిచా. పాలిష్ కూడా పెట్టా. అప్పుడు ఆ ఒక్క పేరే మెరవడం మొదలెట్టింది. వాచ్‌మన్ చూసి, వాడు నీకేమవుతాడు, వాడి పేరే ఎందుకు తుడుస్తున్నావని నిలదీశాడు. నోటికొచ్చింది చెప్పేశా. ఏ ఇత్తడైనా నాకొకటే, మురికిగా ఉంటే చూడలేనన్నా."

"అప్పుడు?"

"అయితే నా ఈల కూడా తుడిచిపెట్టమన్నాడు."

ఈల తర్వాత గేటు తాళం, గేటు తర్వాత ఆఫీసు గంట, గంట తర్వాత బ్యాంకు బోర్డు. ఊరంతా తుడిచేవాడు ఆ పేరు కూడా తుడిస్తే ఎవరూ ఏమీ అనుకోరు. ఒక్క పేరు తుడిచేవాణ్ని మాత్రం ఊరు బతకనివ్వదు, ఆవిణ్నీ బతకనివ్వదు. బొత్తాల కొట్టు ముందు ఆకాశం చూడడమూ అందుకే. అక్కడ ఆగితే ఎవరైనా ఆ పేరుకూ తనకూ ముడిపెడతారని భయం.

అత్తయ్య అంతా విని అడిగింది, "తారు పూయడం ఇంకా ఉందా?"

"లేదు, ఎప్పుడో మానేశారు."

"మరి మీరెందుకు మానలేదు?"

"బ్యాంకు మేనేజరుకి ఏమని చెప్పనే?" అన్నాడు మావయ్య దీనంగా.

అత్తయ్యకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. నవ్వే గెలిచింది. కళ్లు తుడుచుకున్నాక కోపం వచ్చింది, ఇన్నేళ్లూ తనకెందుకు చెప్పలేదని. నీ నోట్లో మాట దాగదు కదే అన్నాడు మావయ్య. అదేమీ అన్యాయమైన మాట కాదు. తెల్లవారి ఆయన స్నానానికి వెళ్లగానే అత్తయ్య చెప్పులేసుకుని నేరుగా బొత్తాల కొట్టుకు వెళ్లింది.

వెళ్లిందే గానీ ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. తెల్ల బొత్తాలడిగింది, నల్లవి అడిగింది, కోటు బొత్తాలు కూడా అడిగింది. మావయ్యకు కోటు లేదు. కాగితంలో పొట్లం కడుతున్న ఆవిడతో చివరికి అసలు మాట చెప్పేసింది. ఇవాళ మీటింగు ఉందని, పేరు తీసేస్తున్నారని, నువ్వు రావాలని. ఆవిడ చెయ్యి ఆగింది కానీ తల ఎత్తలేదు.

"నేనొస్తే వాళ్లు ఊరుకోరమ్మా. ఆ పేరు ఎప్పుడూ శుభ్రంగా ఉంటోంది. దూరం నుంచి చూసుకుంటున్నా. హార్బరువాళ్ల పుణ్యం, అది చాలనుకున్నా."

"హార్బరువాళ్లు కాదు," అంది అత్తయ్య. "మా ఆయన."

ఆవిడ అప్పుడు తల ఎత్తింది. అత్తయ్య పొట్లం అందుకుని, వాళ్లు ఊరుకోకపోతే నేను ఊరుకుంటానా, తలుపు మూసి రా అని బయటికి నడిచింది.

స్తంభాల దగ్గర అప్పటికే జనం చేరారు. ఆ రోజు మాత్రం రెండు ఓడల కుటుంబాలూ ఒకేసారి వచ్చాయి, చెరోవైపు నిలబడ్డాయి. మేస్త్రీ నల్లరాతి ముక్క ఒకటి నమూనాగా పట్టుకుని ఉన్నాడు. షావుకారు చేతిలోని కాగితం చూసి అన్ని పేర్లూ గట్టిగా చదివి, అట్టడుగు పలక దగ్గర ఆగి, "ఇది తప్ప" అన్నాడు. కొందరు తలూపారు.

మావయ్య ముందుకు వచ్చాడు. జేబులోంచి పసుపు గుడ్డ తీశాడు గానీ ఏమీ తుడవలేదు. దాన్ని చేతుల్లో నలుపుతూ, నేను మీ అందరితో అబద్ధం చెప్పాను, నాకు ఇత్తడి పిచ్చి లేదు అన్నాడు. బ్యాంకు మేనేజరు నోరు వెళ్లబెట్టాడు. ఫుట్‌బాల్ సెక్రటరీ అయితే, మరి మా కప్పును ఎందుకు నాశనం చేశావని అక్కడే అడిగేవాడే, పక్కవాడు చెయ్యి పట్టుకుని ఆపాడు.

"నేను తుడిచింది ఈ ఒక్క పేరు కోసం," అన్నాడు మావయ్య. "అప్పట్లో దీని మీద తారు ఉండేది. కడిగితే మళ్లీ ఉండేది."

షావుకారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అత్తయ్య ఆయన ముఖమే చూస్తోంది. ఆ ఊళ్లో తారు వాడకం ఒక్కచోటే ఉంది. మోకులు నీళ్లలో పాడవకుండా దాన్ని పూస్తారు, షావుకారు కొట్టు గుమ్మంలోనే డ్రమ్ములు ఉంటాయి.

"ఎవరు పూశారు మావయ్యా?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"నేను చూడలేదు," అన్నాడు మావయ్య. "గాలికి ఎగిరొచ్చి పడిందేమో."

"గాలికి తారు ఎగురుతుందా?"

"సముద్రం గాలయ్యా. చెప్పలేం."

జనం నవ్వారు. షావుకారు నవ్వలేదు. అప్పుడే జనం పక్కకు జరిగి దారి ఇవ్వడం కనిపించింది. బొత్తాల కొట్టావిడ వస్తోంది. చేతిలో తడిపిన గుడ్డ ఉంది. ఎవరి వైపూ చూడకుండా వచ్చి, స్తంభం ముందు వంగి, అట్టడుగు పలక తుడిచింది. తుడవడానికి అక్కడ మురికేమీ లేదు. అయినా నెమ్మదిగా, మూలలన్నీ తుడిచింది. అయ్యాక పారిపోలేదు. అక్కడే నిలబడింది.

అత్తయ్య ఇక ఆగలేకపోయింది. "షావుకారు గారూ, ఈ ఒక్క పేరు తుడవడం కోసం ఈ మనిషి ఊళ్లో గడియలన్నీ తుడిచాడు, మా చెల్లెలింటి తలుపు ఊడదీశాడు. ఇప్పుడు మీరు ఆ పేరే లేకుండా చేస్తే ఈయన్ని నేనేం చేసుకోను?"

షావుకారు తన చేతులు చూసుకున్నాడు. ఎంత కడిగినా గోళ్ల సందుల్లో నలుపు పోని చేతులు అవి. పెద్ద స్తంభం మీద మెరుస్తున్న తమ్ముడి పలక వైపు ఒకసారి చూశాడు. దాన్ని కూడా ఇన్నేళ్లూ మావయ్యే తుడిచాడు. మేస్త్రీని దగ్గరికి పిలిచాడు.

"మేస్త్రీ, అన్ని పేర్లూ చెక్కు. లోతుగా చెక్కు. మావయ్య అరగదీసినా అరగకూడదు." తర్వాత ఆవిడ వైపు తిరిగాడు గానీ కళ్లు ఎత్తలేకపోయాడు. "ఈ అడుగు పలక చదవడానికి లేకుండా అరిగిపోయింది. ఆయన పేరు నువ్వే చెప్పమ్మా, మేస్త్రీ రాసుకుంటాడు."

ఆవిడ చెప్పింది. మొదటిసారి మేస్త్రీకి వినపడలేదు. రెండోసారి గట్టు మీద ఉన్న అందరికీ వినపడింది.

ఇంటికి నడుస్తూ అత్తయ్య, తారు ఎవరిదో మీకు ముందే తెలుసు కదూ అని అడిగింది. మావయ్య ఆకాశం చూస్తూ నడిచాడు. ఆ నడక అత్తయ్యకు ఇప్పుడు బాగా అర్థమవుతుంది గనక మళ్లీ అడగలేదు.

నల్లరాతి పలకలు వచ్చాయి. మావయ్య పాలిష్ డబ్బా పారేసి, రోజంతా హాయిగా గాలి పీల్చుకున్నాడు. ఊళ్లో ఇత్తడి మెల్లగా మసకబారింది. బ్యాంకు మేనేజరు దువ్వెన పట్టుకుని బోర్డు ముందు నిలబడి బెంగపడ్డాడు. వాచ్‌మన్ ఈల తనే తుడుచుకోవడం నేర్చుకున్నాడు. బొత్తాల కొట్టావిడ మావయ్యకు ఒక కోటు కుట్టించి పంపింది. దానికి అత్తయ్య ఆ రోజు కొన్న బొత్తాలే కుట్టింది. ఇత్తడివి మాత్రం ఒక్కటీ లేవు.

పక్కింటావిడ ఒకరోజు వచ్చి, అలవాటు చొప్పున అటక వైపు చూసి, ఇప్పుడైనా ఆ కూజా తుడిపించకూడదా అంది. అత్తయ్య ఈసారి తల దించుకోలేదు. కూజాను కిందికి దింపి, వీధి గదిలో అందరికీ కనపడేలా బల్ల మధ్యలో పెట్టింది.

"ఊరందరికీ మా ఆయన అబద్ధం చెప్పారమ్మా," అంది. "మా ఇంట్లో మాత్రం ఆ అబద్ధం ఆడలేదు. అందుకే ఇది నల్లగా ఉంది."